చప్పుడు చెయ్యని మామ

మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులకూ రెండు చిన్న బూట్లు తొడుక్కుని, పిల్లి మామ కంకర మీద నడుస్తున్నాడు. కళ్ళు ఎదురుగా ఉన్న తెర మీద ఉన్నాయి. తెర మీద ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె రైలు పట్టాల పక్కన ఒంటరిగా నడుస్తోంది. ఆమె కుడికాలు కొంచెం ఈడుస్తోంది, మామ కుడిచెయ్యీ ఈడుస్తోంది. ఆమె ఆగితే చేతులు ఆగాయి. ఆమె వెనక్కి తిరిగి చూస్తే ఎడమ బూటు మడమ కింద కంకర కాస్త నలిగింది. మళ్ళీ నడక. అరవైకి దగ్గరపడ్డ మనిషి, బానపొట్ట, నెరిసిన మీసం, గుండీలు టకటకమంటాయని చొక్కా విప్పేసి వేసుకున్న బనియను, మోకాళ్ళ కింద మడత పెట్టిన పాత దుప్పటి. చూస్తే నవ్వొస్తుంది. అద్దం అవతల కళ్ళు మూసుకుని వింటున్న రికార్డిస్టుకు మాత్రం నవ్వు రాలేదు. అతనికి పిల్ల నడకే వినిపిస్తోంది.

"బాగుంది మామా," అన్నాడు మైకులో. "రెండో పట్టా దాటేటప్పుడు ఇంకాస్త అలిసిపో."

"నేను అలిసిపోయే ఉన్నాన్రా. ఇక అలిసిపోవాల్సింది ఆ పిల్లే," అన్నాడు మామ, నడుం పట్టుకుని లేస్తూ.

సినిమా తీసేటప్పుడు మైకు మనుషుల మాటల మీదే ధ్యాస పెడుతుంది. అడుగులూ, బట్టల గరగరా, బల్ల మీద గ్లాసు పెట్టిన టక్కూ, ఇవన్నీ తర్వాత ఎవరో ఒకరు గదిలో కూర్చుని బొమ్మ చూస్తూ చెయ్యాలి. ఈ స్టూడియోలో ఆ ఎవరో ఒకరు ఎన్నో ఏళ్ళుగా పిల్లి మామే. గదికి కిటికీ లేదు. గోడలకు మందపాటి గుడ్డ తాపడం చేశారు. నేల మీద వరుసగా చెక్క చట్రాలు, ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో కంకర, ఒకదాంట్లో ఎండుటాకులు. పక్కన ఓ రాతిపలక, కిర్రుమనే రెండు బల్లచెక్కలు, మూలన నీళ్ళ తొట్టి. ఒక గోడ నిండా బూట్లూ చెప్పులూ. రాజుగారివీ, దొంగవీ, పెళ్ళికూతురివీ, పోలీసువీ ఒకే అరలో ఏ గొడవా లేకుండా సర్దుకుని ఉంటాయి. మామ అన్నిట్లోనూ నడిచాడు. ఒకరి కోసం మేడలెక్కాడు, ఇంకొకరి కోసం గోడ దూకాడు, రెండు చెక్కగిన్నెలు పట్టుకుని గుర్రమై పరుగెత్తాడు. తెర మీద పేర్లు పడేటప్పుడు అట్టడుగున, జనం లేచి గుమ్మం దాటిపోయాక, ఈయన పేరు కూడా పడుతుందట. చూసిన పుణ్యాత్ముడు ఇంతవరకు కనబడలేదు.

పిల్లి అన్న పేరు మాత్రం చప్పుళ్ళు చెయ్యడం వల్ల రాలేదు. చెయ్యకపోవడం వల్ల వచ్చింది.

మామ తండ్రి ఒక గోదాముకు రాత్రి కాపలా. పగలంతా నిద్ర. ఇల్లంటే ఒకటే గది, ఆ గది మధ్యలో ఆయన మంచం, దాని చుట్టూ తల్లీ నలుగురు పిల్లలూ ఊపిరి చప్పుడు కూడా రాకుండా బతకాలి. గిన్నె జారిందా, ఎవడో ఒకడి వీపు విమానం మోత మోగిపోయేది. బడికి వెళ్ళే వయసు వచ్చేసరికి వీడికి నేలలో ఏ చెక్క మూలుగుతుందో, తలుపు ఎంతదాకా తెరిస్తే అరవదో కొట్టినపిండి. తండ్రి పనికి వెళ్ళాక తల్లి వీణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నా బంగారు కొండ, ఉన్నాడన్న సంగతే తెలియనివ్వడు," అని తల నిమిరేది. తల్లి ముద్దు చేసిందంటే ఆ మాట కోసమే చేసింది. అందుకని ప్రేమంటే చప్పుడు చెయ్యకపోవడమేనని ఈయనకు అప్పుడే స్థిరపడిపోయింది. తర్వాత అది తప్పని చెప్పినవాళ్ళూ లేరు, చెబితే వినేవాడూ కాదు.

కుర్రతనంలో ఈ స్టూడియోకి ఊడ్చే పనికి వచ్చాడు. ఒకరోజు రికార్డింగు నడుస్తుండగా చీపురు పట్టుకుని గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు వెళ్ళిపోయాడు. ఆ మైకులో ఈగ వాలినా తెలుస్తుంది, ఈయన నడక తెలియలేదు. అప్పటి చప్పుళ్ళ ముసలాయన వెనక్కి తిరిగి, ఉలిక్కిపడి, "ఎప్పుడొచ్చావురా పిల్లి వెధవా!" అన్నాడు. ఆ వారమే చీపురు లాక్కుని చేతికి బూట్లిచ్చాడు. వెధవ పోయి, వయసొచ్చాక మామ చేరింది గానీ పిల్లి అలాగే ఉండిపోయింది.

ఇవాళ మామ మనసు పని మీద లేదు. సాయంత్రం ఆరింటికి వాళ్ళ ఇంటికి వ్యాను వస్తుంది. పిచ్చుకను తీసుకుని వెళ్ళిపోతుంది.

పిచ్చుక కూడా తెర మీది పిల్లలాంటిదే. సరిహద్దు అవతల తగలబడిన ఊళ్ళ నుంచి ఎవరి వెంటో పడి వచ్చిన పిల్ల. అయినవాళ్ళు దొరికేదాకా ఇలాంటి పిల్లల్ని ఇళ్ళలో పెట్టుకునే మనుషులు కావాలని శరణార్థుల ఆఫీసువాళ్ళు అడిగితే, మామ భార్య ముందూ వెనకా చూడకుండా ఊ అనేసింది. పిల్లలు లేని ఇల్లు. చిన్న గది ఒకటి ఖాళీగా ఉంది. పిల్ల వచ్చిన రోజున ఆవిడే ఆ పేరు పెట్టింది, రొట్టెను గిల్లి గిల్లి తింటోందని. ఇది విని రికార్డిస్టు పగలబడి నవ్వాడు. "పిల్లి ఇంట్లో పిచ్చుకా! ఎంత కాలం ఉంటుంది మామా?" అన్నాడు. ఆ హాస్యానికి ఆ రోజు మామకూ నవ్వొచ్చింది.

అత్త అంటే పిచ్చుకకు ప్రాణం. ఆవిడ కుట్టుమిషను పక్కనే కూర్చుని గుడ్డపేలికలతో ఆడుకుంటుంది, ఆవిడ తల దువ్వితే కళ్ళు మూసుకుంటుంది, ఒక్కోసారి ఒళ్ళోనే నిద్రపోతుంది. మామ గదిలోకి వస్తే మాత్రం అంతా మారిపోతుంది. స్టూలు కర్రుమంటుంది. పిల్ల లేచి, వెనక్కి నడిచి, వీపు గోడకు ఆనించి నిలబడుతుంది. అరవదు, ఏడవదు. నవ్వుతుంది కూడా. అది ఇంటి మనిషిని చూసి నవ్వే నవ్వు కాదు, కొట్టొద్దని అడిగే నవ్వు.

మామ చెయ్యని ప్రయత్నం లేదు. రంగు పెన్సిళ్ళ పెట్టె కొని గుమ్మంలో పెట్టి తప్పుకున్నాడు. పిల్ల భయపడుతోంది, ఇంట్లో అలికిడి ఉండకూడదని ఒక ఆదివారమంతా కూర్చుని తలుపుల కీళ్ళన్నిటికీ నూనె వేశాడు. కుర్చీల కాళ్ళకు గుడ్డముక్కలు అతికించాడు. కిర్రుమనే నడవ చెక్కను ఊడదీసి మళ్ళీ మేకులు కొట్టాడు. చెంబు పెట్టినా చేట పెట్టినా వీధి వీధంతా వినబడే పెళ్ళాన్ని, "నెమ్మదిగా, నెమ్మదిగా, పిల్ల జడుసుకుంటుంది," అని వెంటపడి సతాయించాడు. రాత్రిళ్ళు ఆ గది తలుపు ఒక్కనాడూ తెరవలేదు. పడుకోబోయే ముందు వచ్చి బయట కాసేపు నిలబడేవాడు. లోపల ఏ సవ్వడీ లేకపోతే, హమ్మయ్య, నిద్రపోతోంది అనుకుని వెళ్ళి పడుకునేవాడు. ఇంత చేసినా పిల్లకు ఆయనంటే బెరుకు పోలేదు సరికదా, రోజురోజుకూ పెరిగింది.

ఇంకో దేశంలో పిచ్చుక పిన్ని ఒకావిడ బతికే ఉందని పోయిన వారం కబురు వచ్చింది. మంచి కబురే. అత్త ఏడ్చి, ముక్కు చీది, పిల్లకు రెండు గౌన్లు కుట్టింది. మామ ఏడవలేదు. ఆయనకు ఒకటే కోరిక మిగిలిపోయింది. ఇవాళ పొద్దున దాన్ని పైకి కూడా అనేశాడు. "ఒక్కసారి... నేను వస్తే అది లేవకుండా కూర్చుంటే చాలే. ఇంకేం అక్కర్లేదు."

"అయిదు నెలల్లో కానిది ఒక్క పూటలో అవుతుందా?" అంది అత్త. అని, అనకుండా ఉండాల్సిందని వెంటనే నాలిక కరుచుకుంది.

అవుతుందేమోనని మామ వంటగదిలోకి వెళ్ళాడు. పిచ్చుక కిటికీ వైపు తిరిగి పాలు తాగుతోంది. రెండడుగుల దూరంలో ఆగి, ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగా, "నేనే," అన్నాడు. పిల్ల ఎగిరిపడింది. గ్లాసు చేతిలోంచి జారి భళ్ళుమంది. క్షణంలో గోడకు అతుక్కుపోయి, గౌను అంచుతో కాలి మీది పాలు తుడుచుకుంటూ, ఆ నవ్వు నవ్వింది. మామ గాజుముక్కలు ఏరి, ఏమీ తినకుండానే పనికి బయలుదేరాడు. సెలవు పెట్టొచ్చు. పెట్టలేదు. తను ఇంట్లో లేకపోతే చివరిరోజైనా పిల్ల అత్త దగ్గర నిశ్చింతగా గడుపుతుందనుకున్నాడు.

మధ్యాహ్నం దాకా పని సాగింది. సినిమాలో పిల్ల ఏరు దాటింది. మామ తొట్టిలో చేతులు ముంచి ఏరు దాటాడు. పిల్ల మంచులో పడి లేచింది. మామ పిండి నింపిన సంచీని అరచేతులతో నొక్కుతూ పడి లేచాడు. కథ పెద్దదేం కాదు. ఇల్లూ వాకిలీ పోయిన పిల్ల సరిహద్దు దాటి, భయం లేని చోటికి చేరాలి. దారిలో అందరూ మోసం చేసేవాళ్ళే తగులుతారు. పిల్ల ఎవర్నీ నమ్మదు, ఎక్కడా కన్నుమూయదు. చివర్లో ఒక లారీ డ్రైవరు తగులుతాడు. మొరటు మనిషి, గంపెడు గడ్డం, ముక్కు మీద కోపం, మనసు మాత్రం మంచిది. వాడి లారీలో టార్పాలిన్ కింద దాక్కుని పిల్ల ప్రయాణం చేస్తుంది.

భోజనాల వేళ రికార్డిస్టు తన రొట్టె మామ ముందుకు నెట్టాడు. "తిను మామా. పొద్దుట్నుంచీ నీ కడుపు చేసే చప్పుడే మైకులో పడుతోంది. పిల్లకు ఆకలి అనుకుంటారు జనం."

"ఆకలే కదరా దానికి," అన్నాడు మామ. రొట్టె ముట్టలేదు.

"ఇవాళేగా పిచ్చుక వెళ్ళేది? తొందరగా వెళ్ళు. ఆఖరి సీను ఒక్కటే ఉంది, దులిపేద్దాం."

ఆఖరి సీనుకు డైరెక్టరు వచ్చింది. ముప్పై దాటిన మనిషిలా లేదు. పొట్టి జుట్టు, చేతులు దాటిపోయిన పొడుగు కోటు, వచ్చి రికార్డిస్టు పక్కన ఒద్దికగా కూర్చుంది. తెర మీద బొమ్మ కదిలింది. సరిహద్దు దగ్గర ఒక చెక్క గుడిసె. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. డ్రైవరు లేచి, బూట్లు వేసుకుని, బొక్కెన తీసుకుని నీళ్ళకు వెళ్ళి వస్తాడు. అంతే సీను. మాటలు లేవు.

మామ అరలోంచి ఈ పని కోసమే తెప్పించిన బూట్లు తీశాడు. మందపు తోలు, అడుగున ఇనుప లాడాలు, ఆయన పాదానికి ఒక అంగుళం పెద్దవి. అవి తొడుక్కుని బల్లచెక్కల మీద నిలబడ్డాడు. బొమ్మ మొదలైంది. మునివేళ్ళ మీద, బరువంతా మోకాళ్ళలోనే ఆపుకుని, ఒక్క చెక్కనూ లేపకుండా డ్రైవర్ని గుమ్మం దాటించాడు. బొక్కెన పిడిని వేలితో పట్టి ఆపాడు. ఇనుప లాడాల బూట్లతో అలా నడవడం దేశంలో ఇంకెవరి వల్లా కాదు. రికార్డిస్టు తల అడ్డంగా ఊపి, "అబ్బ, వెన్నపూస!" అన్నాడు.

డైరెక్టరు మైకు దగ్గరికి వంగింది. "చాలా బాగా చేశారు బాబాయిగారూ. కానీ ఇలా కాదు. చప్పుడు కావాలి. బాగా కావాలి."

మామకు అర్థం కాలేదు. "పిల్ల పడుకుని ఉంది కదమ్మా."

"అవునండీ."

"లేస్తుంది కదా. మంచివాడన్నారు. మంచివాడు పడుకున్న పిల్ల పక్కన చప్పుడు చేస్తాడా?"

ఆవిడ అద్దం అవతల నుంచి లేచి, తలుపు తీసుకుని, ఈ గదిలోకే వచ్చింది. రావడానికి ముందు తలుపు మీద రెండుసార్లు తట్టింది. అది మామ అప్పుడు గమనించలేదు.

"నేనూ అలాగే వచ్చినదాన్నే బాబాయిగారూ, చిన్నప్పుడు," అంది, కంకర చట్రం అంచు మీద కూర్చుంటూ. "మా ఇంటి మీదికి వచ్చినవాళ్ళు బూట్లు వీధిలోనే విప్పి వచ్చారు. కుక్క కూడా మొరగలేదు. అప్పట్నుంచీ నాకు చప్పుళ్ళంటే భయం లేదు. చప్పుడు చెయ్యకుండా వచ్చేవాళ్ళంటేనే భయం. ఈ డ్రైవరు చూడండి, దగ్గుతాడు, బూట్లు ఈడుస్తాడు, బొక్కెన తన్నుకుంటాడు, తనలో తనే తిట్టుకుంటాడు. ఎక్కడున్నాడో పిల్లకు నిద్రలో కూడా తెలుస్తూనే ఉంటుంది. అందుకే గోడవైపు తిరిగి పడుకోగలిగింది. సినిమా మొత్తంలో ఆ పిల్ల తలుపు వైపు వీపు పెట్టడం ఇదొక్కసారే."

మామ తన బూట్ల వంక చూసుకుంటూ అడిగాడు. "మరి... ఏ చప్పుడూ లేకపోతే ఆ పిల్ల ఏం చేస్తుందమ్మా?"

"ఏం చేస్తుంది? ఊపిరి బిగబట్టుకుని వింటుంది," అంది ఆవిడ.

అయ్యో మామా, ఎంత పని చేశావయ్యా! ఊపిరి చప్పుడు ఎన్ని సినిమాలకు చేశాడు! నిద్రపోతున్న పిల్ల ఊపిరి మెత్తగా, పొడుగ్గా, మధ్యలో ఒక చిన్న గురకతో వినిపిస్తుందని ఈయనకు తెలియదా? తలుపు బయట నిలబడి, ఏ సవ్వడీ లేదని సంతోషించాడు. లోపల పిల్ల నిద్రపోలేదు. తలుపు అవతల ఎవరో వచ్చి నిలబడ్డారని, ఎందుకు నిలబడ్డారో తెలియక, ఊపిరి ఆపుకుని చీకట్లో వింటోంది. ఒక రాత్రి కాదు, అన్ని రాత్రులూ. నూనె వేసిన ప్రతి కీలూ, గుడ్డ అతికించిన ప్రతి కుర్చీ కాలూ ఆ పిల్ల దగ్గరున్న ఒక్క ఆసరానూ లాగేసుకున్నాయి. ఇంటా బయటా వినబడే అత్త దగ్గర అది ఎందుకు నిద్రపోయిందో ఇప్పుడు తెలిసింది. ఆవిడ ఎక్కడుందో పిల్లకు ఎప్పుడూ తెలుసు. ఆవిడ నోరూ తనే మూయించబోయాడు.

"బాబాయిగారూ, ఒంట్లో బాగుందా?" అంది డైరెక్టరు.

"బాగుందమ్మా. బొమ్మ వెయ్యండి."

ఈసారి చెక్కలు దద్దరిల్లాయి. మామ దగ్గాడు, గొంతు గరగరలాడించాడు, బొక్కెనను కాలితో తన్ని, "దీని దుంపతెగ," అని గొణిగాడు. గుమ్మం దగ్గర బూట్లకున్న మట్టిని ధన్ ధన్ మని దులిపాడు. తెర మీద పిల్ల కదల్లేదు. ఒక కాలు దుప్పటిలోంచి బయటికి చాపి, ఇంకా హాయిగా పడుకుంది. అద్దం అవతల డైరెక్టరు ముఖం పక్కకు తిప్పుకుంది. రికార్డిస్టు మాత్రం, "మామా, నీలో ఇంత మోత ఎక్కడ దాచావు?" అన్నాడు. మామ కోటు తగిలించుకుని, ఆ బూట్లతోనే బయటపడ్డాడు.

బస్సు ఎప్పటిలాగే మెల్లగా వెళ్ళింది. వాచీ వంక చూడాలంటే భయమేసి, ఆయన డ్రైవరు మెడ వంకే చూస్తూ కూర్చున్నాడు. వీధి మలుపులో దిగి చూస్తే వ్యాను ఇంకా రాలేదు. ఇల్లు నాలుగో అంతస్తులో. మొదటి మెట్టు మీద కాలు పెట్టేటప్పుడు పాదం అలవాటు కొద్దీ మునివేళ్ళ మీదికే లేచింది. మామ దాన్ని బలవంతంగా కిందికి దించాడు. ధన్. రెండో మెట్టు ధన్. గట్టిగా దగ్గాడు. కమ్మీని తాళంచెవితో కొట్టాడు. రెండో అంతస్తులో రిటైరైన పంతులమ్మ తలుపు తీసి, "ఎవరు పడ్డారు? ఏమైంది?" అంది.

"ఎవరూ పడలేదండీ. నేనే. ఇంటికొస్తున్నా!" అని అరిచాడు మామ, నాలుగో అంతస్తుకు వినబడేలా.

"ఇన్నేళ్ళుగా ఎలా వస్తున్నారు మరి?" అంది ఆవిడ. అది నిజంగానే అడగాల్సిన ప్రశ్న.

గుమ్మం దగ్గర బూట్లు దులిపి, తలుపు రెండుసార్లు తట్టి, తీశాడు. వంటగదిలో అత్త కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె ముందు స్టూలు మీద, గుమ్మానికి వీపు పెట్టి పిచ్చుక కూర్చుని ఉంది. అత్త జడ అల్లుతోంది. మామ నడవలో నడిచాడు, ఒక్కో అడుగూ నేలకేసి కొడుతూ. స్టూలు కర్రుమంటుందని ఎదురుచూశాడు. స్టూలు కదల్లేదు.

"అత్తా," అంది పిచ్చుక, తల తిప్పకుండా. "మామ వచ్చాడు."

అత్త చేతుల్లో జడ ఆగిపోయింది. మామ గుమ్మంలోనే నిలబడిపోయాడు. పిల్ల ఆయన్ని ఇంతవరకు ఏమనీ పిలవలేదు. పాయలు చీలిన చోట సన్నటి మెడ కనిపిస్తోంది. దాని మీద ఒక పుట్టుమచ్చ, పక్కనే ఎప్పుడో మానిపోయిన గీత. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి ఆ మెడ చూడటం ఇదే మొదటిసారి. ఆయనకు ఏం చెయ్యాలో తెలియలేదు. కదిలితే పోతుందేమోనని భయం, కదలకపోతే మళ్ళీ పిల్లి అయిపోతానేమోనని ఇంకో భయం. ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుతూ, బూట్లు చప్పుడు చేస్తూ నిలబడ్డాడు.

జడ అయ్యాక పిచ్చుక తిరిగి చూసింది. ముందు బూట్లు చూసింది, తర్వాత ముఖం.

"ఎవరివి?"

"లారీ డ్రైవరువి."

"పెద్దవి."

"అవునమ్మా. పెద్దవే."

ఆ ఇంట్లో వాళ్ళిద్దరి మధ్య జరిగిన మాటలు ఇవే. ఇంకో మాట కోసం మామ వెతుక్కుంటుండగా కింద హారన్ మోగింది.

అత్త పిల్లను గుండెకు అదుముకుని బావురుమంది. మెట్లు దిగితే ఎక్కలేని మోకాళ్ళు ఆవిడవి. పైనే ఉండిపోయింది. మామ సంచీ తీసుకున్నాడు. పిచ్చుక ముందు, ఆయన వెనక. నాలుగంతస్తులూ ధన్ ధన్ మని దిగాడు. మలుపు మలుపునా పిల్ల ఆగి చూస్తుందేమో అనుకున్నాడు. చూడలేదు. వెనక వస్తున్నది ఎవరో తెలుసు దానికి. కమ్మీ మీద చెయ్యి జారుస్తూ, ఏదో తన భాషలో పాడుకుంటూ, ఒక చోట రెండు మెట్లు ఒకేసారి దూకింది కూడా. ఇంత సులువా? దగ్గితే సరిపోయేదా? తలుపు తడితే సరిపోయేదా? ఇన్ని నెలలు, నడక తెలిసినవాణ్ణని చెప్పుకుని తిరిగే తనకు ఇది తట్టలేదా? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ మెట్ల మీద తెలిసింది.

ఆఫీసు మనిషి వ్యాను తలుపు తీసి పట్టుకుంది. పిచ్చుక ఎక్కి, లోపలి సీటులో కూర్చుంది. మామ సంచీ అందించాడు. అందుకుంది, ఆయన చేతిలోంచే. తలుపు మూసుకుంది. వెనక అద్దంలో జడ కనిపిస్తోంది. ఒక్కసారి తిరిగి చూడమ్మా అని మనసులో బతిమాలుకున్నాడు. పొద్దుట్నుంచీ తను కోరుకున్నది దీనికి సరిగ్గా ఎదురు, తను వస్తే అది కదలకుండా కూర్చోవాలని. పిల్ల చూడలేదు. వెనక మామ ఉన్నాడని దానికి తెలుసు, చూడాల్సిన పని లేదు. వ్యాను వీధి చివర తిరిగిపోయింది.

మామ పైకి వచ్చేసరికి అత్త మొహం కడుక్కుని, చిన్న గది సర్దాలని లేచింది. "నేను తీస్తానుండు," అని ఆయన ముందు నడిచి తలుపు నెట్టాడు. నూనె వేసిన తలుపు మెత్తగానే తెరుచుకుంది. కానీ లోపల ఏదో డబడబమని గోల పెట్టింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

తలుపు వెనక గడియకు కట్టిన పురికొస, దాని చివర పాలపొడి డబ్బా.

"రోజూ రాత్రి కట్టుకునేది," అంది అత్త, ఆయన వంక చూడకుండా. "పొద్దున్నే విప్పి మంచం కింద దాచేసేది. ఇవాళ మరిచిపోయినట్టుంది. చెబితే మీరు కుంగిపోతారని చెప్పలేదండీ."

"చెప్పాల్సిందే," అన్నాడు మామ. కోపం లేదు ఆ మాటలో. ఆవిడా తనలాగే, బాధపెట్టకూడదని నోరు మూసుకుంది.

ఆయన మంచం మీద కూర్చుని, బూట్లు విప్పకుండానే, చెయ్యి చాపి డబ్బాను ఆపాడు. మూతకు మేకుతో పొడిచిన రంధ్రం, అందులోంచి లాగి ముడేసిన పురికొస, ఊడిపోకుండా ముడి మీద ఇంకో ముడి. లోపల అత్త కుట్టుపెట్టెలోంచి తీసిన గుండీలు, నాలుగు సీసా మూతలు, ఒక విరిగిన చెంచా. మామ చెయ్యి తీసేశాడు, డబ్బా తలుపుకు కొట్టుకుంటూ ఒకటి రెండుసార్లు మోగి, తర్వాత ఊరికే వేలాడుతూ ఉండిపోయింది.